ముదురు వైపుకే

ప్రపంచంలో దిక్కులు ఎన్నని అడిగితే ఎవరైనా నాలుగని చెబుతారు. ఎల్ఫ్రీడా టాంటే మాత్రం ఒకటే అనేవారు. అది ముదురు రంగు వైపు.

కాన్సస్ గోధుమ పొలాల నడుమ ఉన్న ఫ్రీడెన్‌బర్గ్‌లో పెద్ద వయసు స్త్రీ ఎవరైనా టాంటేయే. పిన్ని, అత్త, పెద్దమ్మ అన్నీ ఆ ఒక్క పిలుపులో ఇమిడిపోతాయి. బుధవారం బుధవారం చర్చి కింది గదిలో పద్నాలుగు మంది ఆడవాళ్ళు చేరి అతుకుల బొంతలు కుట్టేవారు. కరువు సీమల సహాయానికి ఏప్రిల్‌లో జరిగే వేలంలో ఆ ఊరి బొంత ఏటా ఉండి తీరాలి. కొందరు గుడ్డలు కత్తిరించేవారు, కొందరు ముక్కకు ముక్క జోడించి కుట్టేవారు. ఇస్త్రీబల్ల దగ్గర మాత్రం ఎల్ఫ్రీడా టాంటే ఒక్కరే ఉండేవారు. ఆ ఇస్త్రీపెట్టెను మరొకరు ముట్టుకోవడానికి వీల్లేదు.

బొంత కుట్టి ఎరుగనివారికి ఇందులో తగవేమిటో బోధపడదు. రెండు ముక్కలను కలిపి కుడితే వెనుక పావు అంగుళం వెడల్పున రెండు అంచులు నిలబడతాయి. వాటిని జంటగా ఒక పక్కకు పడుకోబెట్టి ఇస్త్రీ చేయవచ్చు. లేదా పుస్తకం తెరిచినట్టు విప్పి, చెరొక పక్కకు పరచవచ్చు. మన వ్యాకరణంలో కొన్ని సంధులు నిత్యం, కొన్ని వైకల్పికం. లోకమంతా ఈ అతుకును వైకల్పికమనుకుంటుంది. ఎల్ఫ్రీడా టాంటే మతంలో అది నిత్యం. లేత ముక్కకు ముదురు ముక్క పరమైనప్పుడు అంచులు రెండూ ముదురు వైపుకే పడుకోవాలి.

రెండు ముక్కలూ ఒకే తీరు ముదురైతే ఏం చేస్తారని హుల్డా ఒకసారి ఆవిడను ఇరుకున పెట్టాలని చూసింది. హుల్డా కసాయి దుకాణం యజమానురాలు, సూటిమనిషి. టాంటే ఆ నీలం ముక్కనూ కాఫీరంగు ముక్కనూ తీసుకుని, పక్కనున్న బొగ్గుల కొట్టులోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. అయిదు నిమిషాలకు ముక్కు మీద మసితో బయటికి వచ్చారు.

"నీలం ముందు మాయమైంది. నీలమే ముదురు" అన్నారు.

ఈ నియమం గుడ్డలతో ఆగి ఉంటే బాగుండేది. ఆవిడ భర్త యాకోబ్‌కు తల ఎడమ పక్కంతా నెరిసి, కుడి పక్క కొంత నలుపు మిగిలింది. యాభై ఏళ్ళు ఎడమకు దువ్వుకున్న జుట్టును ఆయన ఒకనాడు హఠాత్తుగా కుడికి దువ్వుకోవలసి వచ్చింది. ఆ మరుసటి ఏడు గాలివానకు వాళ్ళ పొలం కంచె దున్నిన నల్లనేల మీదికి ఒరిగితే, నిలబెట్టబోయిన ఆయనను ఆవిడ వారించారు. కంచెకు తెలిసినపాటి న్యాయం మనిషికి తెలియకపోతే ఎలాగని అడిగారట. యాకోబ్ గునపం కింద పెట్టేసి కాఫీ తాగడానికి లోపలికి వెళ్ళిపోయాడు.

"పదిపన్నెండేళ్ళ కిందట ఇలా లేదావిడ. అంచు ఎటు ఒరిగితే అటే తోసేసేది. ముదురు ముదురు అంటూ పిచ్చే ముదిరింది" అని హుల్డా అందరికీ చెప్పేది.

పందొమ్మిది వందల డెబ్బై నాలుగు మొదట్లో ఆ ఊరికి కొత్త పాస్టరు వచ్చాడు. ఆయన భార్య మార్లిస్ పట్నం బడిలో పిల్లలకు కుట్టుపని నేర్పిన మనిషి. అంచులను విప్పి పరచాలని ఆమె చదువుకుంది, అలాగే చెప్పింది, తన చేతి మీద అలాగే చేసింది. రెండు నెలలైనా కింది గదిలో ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలవలేదు. అందరికీ ఆమె పాస్టరుగారి భార్యే. ఏదైనా ఒక్క విషయంలో నలుగురి చేతా ఔననిపించుకోవాలని ఆమె పట్టుదల.

అవకాశం ఆ ఏటి బొంతే ఇచ్చింది. నడుమ ఎనిమిది కోణాల నక్షత్రం. ఎనిమిది మొనలు ఒకచోట కలిసి, అంచులన్నీ ముదురు ముక్కల కిందికే దూరేసరికి నక్షత్రం నట్టనడుమ శనగగింజంత బుడిపె లేచింది. నిరుడు బొంత కొనుక్కున్నాయన కూడా పడుకుంటే వీపుకు ఏదో గుచ్చుకుంటోందని ఉత్తరం రాశాడు. అంచులు విప్పి పరిస్తే బుడిపె ఉండదని మార్లిస్ చేసి చూపించింది. ఎనిమిదిమంది తలలు ఊపారు. వచ్చే బుధవారం చేతులెత్తించి తేల్చుకుందామని హుల్డా ముహూర్తం పెట్టింది.

ఎల్ఫ్రీడా టాంటే వాదించలేదు. నియమం పోయిన నాడు ఇస్త్రీపెట్టె కూడా తనతో ఇంటికి వస్తుందని మాత్రం చెప్పి, తీగ చుట్టేశారు. పదకొండేళ్ళుగా ఒక్క బుధవారం తప్పని మనిషి ఇంత చిన్న మాటకు వెళ్ళిపోతానంటోందే అని మార్లిస్‌కు కష్టమే అనిపించింది. కానీ బుడిపె కూడా నిజమే కదా అనుకుని మనసు చిక్కబట్టుకుంది.

ఆ బుధవారం ఆమె పెందలాడే వచ్చింది. నమూనాగా తాను ఇంటి దగ్గర ముక్కలు అతికి, అంచులు విప్పి ఇస్త్రీ చేసిన చదరపు గళ్ళు పన్నెండు తెచ్చి, ఎవరూ చూడకుండా జుస్టీనా టాంటే బుట్టలో అడుగున సర్దింది. ఆ గదిలో అందరికన్నా మంచి చెయ్యి జుస్టీనా టాంటేదే. ఎనభై రెండేళ్ళ వయసులోనూ ఆవిడ కుట్టిన మూలకు మూల వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసేది. పైగా ఆవిడ గుడ్డ వైపు చూసేవారే కారు. ముఖం కిటికీకి తిప్పి వానల సంగతి మాట్లాడుతుంటే వేళ్ళు తమ పని తాము చేసుకుపోయేవి. జుస్టీనా కళ్ళు మూసుకుని కుట్టేస్తుందని ఊరు ఊరంతా మెచ్చుకునేది. ఆవిడ చేతి మీదుగా తన గళ్ళు చక్కగా వస్తే ఇక మాట్లాడేవారు ఉండరని మార్లిస్ లెక్క.

పై గళ్ళు అయిపోయాయి. మార్లిస్ గడి జుస్టీనా టాంటే చేతికి వచ్చింది. వేళ్ళు దాని వెనుక ఒకసారి నడిచి ఆగాయి. మళ్ళీ మొదటినుంచి నడిచాయి. ఆవిడ గడిని తిప్పారు, మరోసారి తిప్పారు. వానల సంగతి సగంలో నిలిచిపోయింది. చివరికి సూది గుచ్చి కుట్టడం మొదలుపెట్టారు. ముదురు రావలసిన చోట, లేత ముక్క పక్కన లేత ముక్క వచ్చి పడింది. పక్కపక్కనే ఉన్న తెలుపునూ తెలుపునూ చూసి మార్లిస్ తల పైకెత్తింది. జుస్టీనా టాంటే ముఖం కిటికీ వైపే ఉంది.

అంతలో ఎల్ఫ్రీడా టాంటే అక్కడికి వచ్చేశారు. కుడుతున్నదానితో సహా బుట్ట ఎత్తుకున్నారు.

"ఇవి నా తప్పు జుస్టీనా. పెట్టె కాలకుండానే ఇస్త్రీ పట్టించాను. మళ్ళీ చేసి ఇస్తాను. నువ్వు ఈలోగా కాఫీ తాగు."

"నేనూ అదే అనుకున్నాను. నీ చేతి పనిలా లేదు" అన్నారు జుస్టీనా టాంటే.

మిగతావాళ్ళు రెండంతస్తుల బన్నుల పళ్ళెం చుట్టూ చేరారు. మార్లిస్ ఇస్త్రీబల్ల దగ్గరికి వెళ్ళి నిలుచుంది. తప్పు కుట్టు ఊడదీసి, మార్లిస్ విప్పి పరచిన అంచులన్నిటినీ తడిగుడ్డతో ఒత్తి ఎల్ఫ్రీడా టాంటే ముదురు వైపుకు మళ్ళిస్తున్నారు.

"ఆవిడకు కనిపించదు కదా, టాంటే?" అని మార్లిస్ మెల్లగా అడిగింది.

టాంటే పెట్టె ఆపలేదు. "ముదురు ముక్క కింద రెండు పొరలు ఎక్కువుంటాయి. మందంగా తగులుతుంది. లేతది పల్చగా ఉంటుంది. వరసకు వరస కలిపేటప్పుడు ఒకదాని గట్టు ఒకటి తన్నుకుని ఆగుతుంది, మూల జారిపోదు. అదంతా వేలికి తెలుస్తుంది. విప్పి పరిస్తే రెండు వైపులా ఒకటే మందం. ఇంక దేన్ని పట్టుకుంటుంది?"

"ఎన్నాళ్ళనుంచి?"

"కోతలు పదకొండు అయ్యాయి."

"ఆవిడ మీకు చెప్పారా?"

"నేను అడగలేదు. ఈ కుర్చీ కోసమే ఆవిడ బుధవారం దాకా బతుకుతుంది. అడిగితే, ఆ రోజే సూది పెట్టేసి ఇంట్లో కూర్చుంటుంది."

మార్లిస్‌కు యాకోబ్ జుట్టు గుర్తుకు వచ్చింది. ఒక్కరి కోసం పెట్టిన నియమం ఒక్కరి కోసమని తెలియకుండా ఉండాలంటే, దానిని లోకమంతటికీ వర్తింపజేయాలి. అందుకు కంచె ఒరిగే ఉండిపోవాలి, బొగ్గుల కొట్టులో ముక్కుకు మసి అంటాలి, పిచ్చిదనే పేరును పదకొండేళ్ళు మోయాలి.

కాఫీలు అయ్యాయి. చేతులెత్తే సమయమైందని హుల్డా చెంచాతో బల్ల కొట్టింది. మార్లిస్ లేచి, తన మాట వెనక్కు తీసుకుంటున్నట్టు చెప్పింది. గది ఆమె వైపు తిరిగింది. అంచులు విప్పి పరిస్తే కుట్టు సందులోంచి బొంత లోపలి దూది పైకి వస్తుందని ఏదో కారణం చెప్పబోయింది.

"అది పాతకాలపు మాటని పోయినవారం నువ్వే అన్నావు" అంది హుల్డా.

"పోయినవారం నాకు తెలియదు."

"మరి బుడిపె సంగతేంటి?"

మార్లిస్ వెనక్కు తగ్గలేదు. "మీ కొట్లో మాంసం దంచే కొయ్య సుత్తి ఉంటుంది కదా. కొత్తది ఒకటి తీసుకురండి. తడిపి, వేడి పెట్టె పెట్టి, నాలుగు దెబ్బలు వేస్తే శనగగింజ అప్పడమవుతుంది."

హుల్డా ఆమెను ఎగాదిగా చూసింది. ఇదిగో, ఇంకొకరికీ అంటుకుందని పక్కావిడతో అంది. అయినా ఓటు ఓటేనని చేతులెత్తించింది. విప్పి పరచాలనడానికి ఒకే ఒక్క చెయ్యి లేచింది. అది హుల్డాది, మాట మార్చేవాళ్ళంటే ఆమెకు గిట్టదు. సుత్తికి మాత్రం ఆమే వెళ్ళింది. మూడో దెబ్బకే బుడిపె లొంగిపోయిందని అందరికన్నా ముందు ఒప్పుకున్నదీ ఆమే.

మళ్ళీ ఇస్త్రీ పడిన బుట్టను జుస్టీనా టాంటే ఒడిలో పెట్టడానికి మార్లిస్ వెళ్ళింది. ముసలావిడ ఆమె మణికట్టు పట్టుకుని దగ్గరకు వంచుకున్నారు.

"ఇందాకటివి నువ్వు చేసినవి కదూ, మార్లిస్? పని శుభ్రంగా ఉంది. కానీ ఇకమీదట నా బుట్టలో వేయకమ్మా. నాకు చూపు ఆనడం లేదు. దేవుడు ఎల్ఫ్రీడాకు ఆ పిచ్చి ఇవ్వబట్టి నా పని సాగుతోంది. ఈ సంగతి ఆవిడకు మాత్రం చెప్పకు. నాకు కనబడదని తెలిస్తే తట్టుకోలేదు, వట్టి మెత్తటి మనిషి."

చెప్పనని మార్లిస్ మాట ఇచ్చింది.

"ఏమంటోంది జుస్టీనా?" అని ఇస్త్రీబల్ల దగ్గరనుంచి ఎల్ఫ్రీడా టాంటే అడిగారు.

"ఈ ఏడు రంగులు బాగా కుదిరాయంటున్నారు, టాంటే."

"కుదరక? ఆవిడ చూపంటే చూపే" అని ఎల్ఫ్రీడా టాంటే వేలు తడిచేసుకుని, పెట్టె కాలిందో లేదో తాకి చూశారు.