టైమౌట్ తీసేసిన ఆదివారం

ఆ రోజుల్లో బిలాస్‌పూర్‌లో ఆలస్యమంటే ఎవరికీ కోపం వచ్చేది కాదు. రైళ్ల మీద బతికే ఊరు కదా, పాలవాడైనా పెళ్లికొడుకైనా లేటు కావచ్చుగాని రాకుండా పోడని అందరికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకం కంప్యూటరు గదిలోకి కూడా జొరబడటం నా ఖర్మ. (ఇన్నేళ్లయినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.)

నేనప్పుడు ఒక ఆఫీసులో కొత్త ప్రోగ్రామర్ని. జీతాల ప్రోగ్రామును మనిషి అక్కర్లేకుండా దానంతటదే పరీక్షించే ఏర్పాటొకటి రాశాను. అందులో రెండు పనులు ఒకేసారి నడవాలి, వాటిని త్రెడ్లంటారు. ఒకటి జీతాల ఫైలు పట్టుకుని సెలవుల ఫైలు కోసం, రెండోది సెలవుల ఫైలు పట్టుకుని జీతాల ఫైలు కోసం కూర్చున్నాయి. ఒకరి దగ్గర రోలు, ఇంకొకరి దగ్గర రోకలి ఉన్న తోడికోడళ్లే అనుకోండి. అందుకే పది నిమిషాల్లో తేలకపోతే ఫెయిలని రాసి ఆపేసేలా టైమౌట్, అంటే గడువు, పెట్టాను. ఆ ఆదివారం పొద్దున్నే మా పెద్దసారు దాన్ని తీయించేశారు, రెండు త్రెడ్లూ మళ్లీ అలాగే బిగుసుకు కూర్చున్నాయి. ఆయన విజయనగరం వైపు మనిషి, అంతకుముందు రైలుబళ్లు నడిపించే కంట్రోల్ ఆఫీసులో పనిచేశారు.

"లేటయిందని బండి రద్దు చేసేస్తామేటి బాబూ? వస్తాది. కూకో," అన్నారు.

ఇది లేటు కాదండీ, ఇక రానే రాదండీ అని మొత్తుకున్నాను. అచ్ఛా అచ్ఛా అంటూ టీ తెప్పించారు. మర్నాడు పై అధికారులు చూస్తారు గనక ఫలితం రాకుండా కుర్చీ దిగడానికి వీల్లేదట! ఆదివారం పూట, అదీ మూడింటికి ఊళ్లోనే తెలిపారా పేటలో నా పెళ్లిచూపులు పెట్టుకున్న రోజున! (ఫోటో చూసిన దగ్గర్నుంచి నాకు తిండి సయించడం లేదు.) నాలుగున్నరకు రాహుకాలం వచ్చేస్తుందని చెప్పినా ఆయన చలించలేదు, పిల్ల ఎక్కడికీ పోదన్నారు. అమ్మ ఆఫీసుకు ఫోన్ చేసి, వాళ్లింట్లో తన తల కొట్టేసినట్టుందని ఏడ్చినంత పని చేసింది.

ఆరింటికి కరెంటు పోయింది. రెండు త్రెడ్లూ నేనూ ఒకేసారి విడుదలయ్యాం. స్కూటరేసుకుని తెలిపారా వెళ్లేసరికి అమ్మ వెళ్లిపోయింది. ఆ అమ్మాయే తలుపు తీసింది. ఫోటోలో కంటే బాగుంది. నా పేరు చెప్పుకుని, సంజాయిషీ మొదలెట్టబోయాను.

"నాన్నగారు ఇంకో అరగంట చూద్దామన్నారండి. నేనే చాలన్నాను," అంది నెమ్మదిగా.

దారంతా ఆ పిల్లను తిట్టుకున్నాను. ఆడపిల్లకు అంత పొగరా, ఒక్క పూట ఆగలేదా అని పళ్లు నూరుకున్నాను. గడువు ఉండి తీరాలని పొద్దుటినుంచి గొంతు చించుకున్న పెద్దమనిషిని, నాకు మాత్రం గడువు పెట్టకూడదన్న మాట! ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ రోజు నా వాదన ఒప్పుకున్నట్టు ప్రవర్తించింది ఊరు మొత్తం మీద ఆమె ఒక్కతే. మరో సంబంధం కుదిరి ఆ వేసవిలోనే ఆమె పెళ్లయిపోయింది.