ఇంటికి వేరే గుంట

మూడేళ్ల క్రితం హనుమాన్ జంక్షన్ దగ్గర మా రొయ్యల చెరువుకు జబ్బు తగిలింది. పంట పోతుందన్న భయంతో, నిషేధమని తెలిసీ ఓ యాంటీబయాటిక్‌ను మేతలో కలిపి వేశాను. రొయ్యలు పట్టే ముందు శాంపిల్ కోసం ల్యాబ్ నుంచి ఒకమ్మాయి వచ్చింది.

"మందులేమైనా వాడారాండీ?"

"అబ్బే, మా చెరువులో మందన్న మాటే లేదమ్మా" అన్నాను. ఆమె అదే రాసుకుంది.

మధ్యాహ్నమైందని భోజనానికి పిలిచాను. మా ఆవిడ రొయ్యల ఇగురు వడ్డిస్తే ఆ అమ్మాయి మొహమాటపడింది.

"భయపడకుండా తినమ్మా, ఇవి ఆ చెరువువి కాదు. దాంట్లో ఈయన మందు కలిపారుగా! ఇంట్లోకి పక్క గుంటలో వేరే పెంచుకుంటాం" అంది మా ఆవిడ, ఎంతో ఆప్యాయంగా.

ఆ అమ్మాయి కోప్పడలేదు. "మరి ఆ చెరువువి ఎవరి పిల్లలు తింటారండీ?" అని మాత్రం అడిగింది.

ఆ పంట అమ్మలేదు. గుంట పూడ్పించేశాను. ఇప్పుడు మా ఇంట్లోకీ పెద్ద చెరువు రొయ్యలే. అయినా ఇగురు వడ్డించినప్పుడల్లా ఆ ప్రశ్నే గుర్తొచ్చి మా ఆవిడ ముఖంలోకి చూడలేను.