సగంలో ఆగిన స్లాబు

ఆదెమ్మ కంకిపాడు వచ్చి ముప్పై ఏళ్ళయింది. సిమెంటు తట్టలు మోసి మోసి నడినెత్తిన జుట్టు పోయింది గానీ, 'శ్రీకాకుళపోళ్ళు' అన్న పేరు పోలేదు. ఇల్లు అద్దెకడిగితే అదే మాట, చర్చిలో ముందు కూర్చుంటే అదే మాట. కానుకల సంచీలో వేసినప్పుడు మాత్రం మీది ఏ ఊరని ఎవరూ అడగరు లెండి.

నిరుడు వానల్లో జ్వరమొచ్చి ఆమె మొగుడు మరియదాసు తెల్లవారుజామున కన్నుమూశాడు. ఆ రోజే సంఘపెద్ద యేసుబాబు ఇంటికి స్లాబు. పని ఒప్పుకున్న కూలీ ముఠా అంతా శ్రీకాకుళం వాళ్ళే. సాయంత్రం వచ్చి మట్టి చేస్తామని చెప్పి, ఏడుస్తూనే పనికెళ్ళారు. సమాధుల దొడ్డిలో చోటు అడగడానికి ఆదెమ్మా ఆ స్లాబు దగ్గరికే వెళ్ళింది.

"మీ ఊరు తీసుకుపోండమ్మా. ఇక్కడ మావాళ్ళకే చోటు చాలట్లా," అన్నాడు యేసుబాబు, స్లాబు మీంచి చూపు దించకుండానే. "బండి నేను మాట్లాడతాలే."

"అక్కడ మాకేటుంది బాబూ? మొండిగోడ కూడా నేదు."

నిచ్చెన మీద తట్ట అందుకుంటున్న ముఠాలోని మణెమ్మ ఈ మాటలు విన్నది. తట్టను పైకి అందించలేదు, కిందికి దించింది. మిగతావాళ్ళూ దించారు. మిక్సరు ఊరికే తిరుగుతోంది. స్లాబు సగంలో ఆగితే పాతదీ కొత్తదీ అతకవు. ఇల్లున్నన్నాళ్ళూ ఆ గీత వెంట వాన కారుతూనే ఉంటుంది.

"ఇదేం పనమ్మా! గట్టిపడిపోద్ది, ఎక్కండి!" అని అరిచాడు యేసుబాబు.

"మరియదాసు మావకి గొయ్యి తవ్వనీ బాబూ, ఎక్కుతాం," అంది మణెమ్మ. "నేదంటే కారనీ."

గంట తిరక్కుండా దొడ్డి తాళం వచ్చింది, తట్టలు మళ్ళీ పైకెక్కాయి. ఇచ్చింది కాలవ పక్క మూల. రెండడుగులకే నీళ్ళూరాయి. తోడిపోస్తూనే పెట్టె దించారు. మొగుడికి ఈ మట్టి దక్కిందన్న ఊరట ఉన్నా, ఆ నీళ్ళు చూసి ఆదెమ్మ గుండె చెరువైంది.

ఆ తర్వాత ఆ ముఠాను పిలిచిన మేస్త్రీ లేడు. పని మధ్యలో ఆపుతారన్న పేరు ఆటోనగర్ దాకా పాకింది. మణెమ్మ బతకలేక బెంగుళూరు పోయింది. ఒరిస్సా నుంచి కొత్త ముఠా దిగింది.

మొన్న పొద్దున కూలీల సెంటర్లో, ఆదెమ్మ రోజూ నిలబడే చోట ఒక ఒరియా ఆడమనిషి నిలబడి ఉంది.

"ఎక్కడినుండో వచ్చి మా నోటికాడ కూడు లాగేసుకుంతన్నారు!" అని ఆదెమ్మ కసిరింది.

ఆమెకు తెలుగు రాదు. గొంతు మాత్రం అర్థమైంది. తలదించుకుని పక్కకు తప్పుకుంది. తానలా ఎన్నిసార్లు తప్పుకుందో ఆదెమ్మకు గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయింది.

"రామ్మా, ఇక్కడే ఉండు," అని చెయ్యి చాపింది.

ఆ మనిషి ఇంకో అడుగు వెనక్కి వేసింది.