గురువారం గోరింటాకు

పదిమందికి బుర్రలు సానపట్టే ఒక డాక్టరమ్మ, ఒక గురువారం పొద్దున ఒక అమాయకుడి ఉద్యోగాన్ని గోరింటాకులో కలిపేయబోయిన కథ చెబుతాను. ఆ డాక్టరమ్మ నేనే. నవ్వేవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టుకోండి, తర్వాత ఊపిరాడదు.

అప్పట్లో నేను షార్జాలో ఒక ఆసుపత్రి మానసిక విభాగంలో న్యూరోసైకాలజిస్టుని. మందులతో భ్రమలు తగ్గినా ఆలోచన మొద్దుబారి మిగిలిపోయినవాళ్లను మళ్లీ దారిలో పెట్టడం నా పని. నా దగ్గర పేకలాంటి ఒక ముక్కల పరీక్ష ఉండేది. పేషెంటు ముక్కలు పేరుస్తుంటే నేను "రైటు", "తప్పు" అని మాత్రమే అంటాను. రంగును బట్టి పేర్చడానికి చేయి అలవాటు పడ్డాక, చెప్పాపెట్టకుండా రూలు మార్చేస్తాను. చురుకైనవాళ్లు పసిగట్టి ఆకారాన్ని బట్టి పేరుస్తారు. తక్కినవాళ్లు జిడ్డులా పాత రూలునే పట్టుకుంటారు.

ఖాదర్ బాషాది సరిగ్గా అదే బాధ. కడప మనిషి, ఊరి బయట సజ్జాలో ఒక ఫ్యాక్టరీ స్టోర్ కీపర్. పనిలో చిన్న మార్పు వస్తే చాలు, కరెంటు పోయిన ఫ్యానులా ఆగిపోయేవాడు. నెలల తరబడి అతనికి ఒకటే నూరిపోశాను: "ప్లాను మారితే బిగుసుకుపోకు. ఆగు, పైకి చెప్పుకో, తర్వాతి పని చెయ్యి." అతని ముదీర్, అంటే మేనేజరు, అజీజ్ సాబ్ మన హైదరాబాదీయే. "గురువారం పొద్దున నేనే వచ్చి చూస్త. బాగైతే డ్యూటీ, లేకుంటే వీసా క్యాన్సిల్, ఖలాస్!" అన్నాడు.

ఆ వారమే మా ఆసుపత్రి సెలవులు మారాయి. అంతవరకూ గురు, శుక్రవారాలు. ఇకమీదట శుక్ర, శనివారాలు. డిపార్ట్‌మెంటంతా తిరిగి ఈ సంగతి చాటింపు వేసింది కూడా నేనే.

తీరా గురువారం తెల్లవారేసరికి నా చేయి ఏళ్ల అలవాటు ప్రకారం తిన్నగా గోరింటాకు గిన్నె మీదికి వెళ్లింది. తలంతా పట్టించాను. మా ఆయన షూలు తొడుక్కుంటూ అడిగారు.

"ఇవాళ డ్యూటీ లేదా?"

"గురువారం డ్యూటీ ఏమిటండీ?"

"సెలవు శనివారానికి మారిందన్నావుగా?"

"అది వచ్చే వారం నుంచి."

"మరి పేపర్లో..."

"పేపరువాళ్లకి తెలుసా, అక్కడ పనిచేసే నాకు తెలుసా?"

ఆయన లిఫ్టు వైపు పారిపోయారు. నేను గెలిచాను. పెళ్లయిన దగ్గర్నుంచీ గెలుస్తూనే ఉన్నాను. ఇంత ఘోరంగా మాత్రం ఎప్పుడూ గెలవలేదు. మరి ఖాదర్ అపాయింట్‌మెంటు మాటేమిటంటారా? సెలవు రోజున అపాయింట్‌మెంటు ఎందుకుంటుందండీ!

తొమ్మిది దాటాక ఫోను మోగింది.

"మేడం, ఖాదర్‌ని. యాడుండారు?"

"ఇంట్లో. సెలవునాడు ఫోనేమిటయ్యా?"

"సెలవు ల్యా మేడం. ఆస్పత్రంతా జనాలుండారు. మా సారొచ్చి మీ రూములో కూచ్చోనుండాడు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "అయ్యో! కోప్పడుతున్నారా?"

"లేసి పోతా అనె. చాయ్ తెప్పించి, మీ ముక్కలాట ఆడిస్తాండా. మీరు కంగారు పడొద్దు మేడం. ఆగండి, పైకి చెప్పుకోండి, తర్వాతి పని చెయ్యండి."

తర్వాతి పని చేశాను. తలకు ప్లాస్టిక్ కవరు, దాని మీద తువ్వాలు చుట్టి టాక్సీలో పడ్డాను. రోలా ట్రాఫిక్‌లో పక్క బస్సువాళ్లంతా కిటికీల్లోంచి వంగి వంగి చూశారు. చూడనీ!

వెళ్లేసరికి అజీజ్ సాబ్ చేతిలో ముక్కలు, మొహం నిండా చెమటలు.

"రంగే కదనయ్యా! ఇప్పుడే రైటన్నవ్!"

"అప్పుడు సార్. ఇప్పుడు రూలు మారింది."

నన్ను చూసి ముదీర్ లేచి నిలబడ్డాడు. "డాక్టరమ్మా, భలే పరీక్ష పెట్టిన్రు! కావాలనే రాకుండ, వీడేం జేస్తడో చూసిన్రు కద? రిసెప్షన్ల మీ నంబర్ తీస్కున్నడు, నన్ను ఆపిండు, చాయ్ దాపిండు. మునుపైతే గోడకానుకొని బొమ్మలెక్క నిలబడుతుండె. మా ఫ్యాక్టరీకి శుక్రవారమే సెలవు, శనివారం నుంచి డ్యూటీకి రమ్మనున్రి!"

ఖాదర్ కళ్లు చెమర్చాయి. నా గుండె పూరీలా పొంగింది. నా వైద్యం గెలిచింది, అదీ నేను పక్కన లేకుండా! "అవునండీ, ఇదొక ఆధునిక పద్ధతి" అందామని ఠీవిగా నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే తువ్వాలు కిందనుంచి ఒక ఎర్రటి ధార నుదుటి మీదుగా ముక్కు చివరికి జారి, టప్పున టేబుల్ మీద పడింది.

అజీజ్ సాబ్ దాన్ని పరీక్షగా చూశాడు. "మరి గీ నెత్తి మీది మూట గూడ పరీక్షేనా?"

ఖాదర్ నాకంటే ముందే జవాబిచ్చాడు. "కాదు సార్. రూలు మారినాదని మేడంకి ఎక్కలా. పాతదే పట్టుకోనుండారు. కొన్ని నెల్లు ట్రీట్‌మెంట్ ఇస్తే బాగైపోతారు."

అందుకే, సెలవులు ప్రకటించే అధికారం ప్రభుత్వానికే వదిలేశాను. మా విభాగం తలుపుకు తాళం కళ్లారా చూస్తే తప్ప గోరింటాకు గిన్నె ముట్టనని మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మా ఆయనతో వాదించడం మానేస్తానని మాత్రం అనలేదు. అనను కూడా.