పెదనాన్న పథ్యం

మా పెదనాన్నకు నూజివీడు దగ్గర మామిడితోట ఉండేది. ఆయన తాతకూ, తండ్రికీ ముసలితనంలో మతిమరుపు జబ్బు వచ్చింది. "మీకూ రావచ్చండీ. నెయ్యి, తీపి తగ్గించి ఆకుకూరలు తినండి" అని పంతొమ్మిది వందల ఎనభైల్లోనే విస్సన్నపేట డాక్టరు హెచ్చరించాడు.

ఆ పథ్యాన్ని ఆయన ఇంటికి తెచ్చి పెద్దమ్మకు అప్పగించాడు. "నా ఆయుష్షు కోసం నువ్వు ఉపవాసాలుంటే ఫలం నాకొస్తుందిగా? ఇదీ అంతేనే!" అన్నాడు. ఇక పప్పన్నంలో నెయ్యి పోయించుకుని, బుట్టెడు చిన్నరసాలు ముందేసుకుని జుర్రుతూ, ఆవిడ కంచంలో తోటకూర మిగలకుండా కాపలా కాసేవాడు. ఆరోగ్యం మీద అంత శ్రద్ధ!

కొన్నేళ్లకు ఒకరోజు, ఎదురుగా తోటకూర తింటున్న పెద్దమ్మను చూసి "ఎవరండీ మీరు?" అని అడిగాడు. ఆవిడను ఆయన 'అండీ' అనడం అదే మొదలు.

"మీ పథ్యం తిన్నదాన్నండీ" అంటూ పెద్దమ్మ నెయ్యిగిన్నె తన కంచం దగ్గరికి లాక్కుంది.