ఎండకు పెట్టిన ఈగలు

ఎనభై ఆరు మే నెలలో నరసరావుపేట నుంచి రెంటచింతల వచ్చే బస్సులో ఆరోగ్యమ్మ ఒళ్ళో ఒక చెక్కపెట్టె ఉంది. పెట్టెలో తడి ఇసుక, ఇసుకలో దూది బిరడాల గాజు సీసాలు, సీసాల్లో నువ్వుగింజంత ఈగలు. కండక్టరు తొంగిచూశాడు.

"ఏందమ్మా, ఈగలకు ఎండాకాలం సెలవులిచ్చారా? మా ఊళ్ళో లేవనా తెస్తున్నావు?"

బస్సంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది గానీ, చేతులు పెట్టెను వదల్లేదు.

పేటలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం లేబు ఊడ్చి, గాజుసామాను కడగడం ఆమె పని. లెక్చరర్ ఖాజా మొహిద్దీన్ గారు రోజా ఉండే నెలలో ఆయన ఎదుట మంచినీళ్ళు కూడా తాగేది కాదు. ఆమె జ్వరపడితే ఆయనే సీసాలు కడుక్కుని, ఆ సంగతి ఎవరికీ చెప్పేవారు కాదు. ఆ వేసవి ఈగలను వెచ్చబెట్టే యంత్రం పాడైంది. "రెంటచింతలలో మా ఇంటి వసారా ఉంది గదా సార్, పొయ్యి లేకుండానే ఉడుకుద్ది" అని ఆరోగ్యమ్మ నవ్వులాటకు అన్నది. ఆయన ఆ మాటే పట్టుకున్నారు.

"ఎండదెబ్బ తగలగానే ఈగ ఒంట్లో మామూలు పనులు చానావరకు ఆగిపోతాయి ఆరోగ్యమ్మా. ప్రాణం కాపాడే జన్యువులు కొన్ని మాత్రం గబగబా పనిలోకి దిగుతాయి. జన్యువుల మధ్య చోటు మార్చే ముక్కలు కూడా ఉంటాయి. ఆ వేడికి అవి లేచి ఇంకోచోట దూరతాయా అన్నది నేను చూడాలి. కంటిరంగు జన్యువులో దూరితే పుట్టే పిల్లల కళ్ళు రంగు మారొచ్చు. రోజూ థర్మామీటరు ముప్పై ఏడు దగ్గరున్నప్పుడు సీసాలు ఇసుకలోంచి తీసి, గంట నిండాకే మళ్ళీ పెట్టు. జాలిపడి ముందే పెట్టొద్దు."

"మీ మాట తప్పను సార్, దేవుని తోడు."

మొదటిరోజు గడిచింది. రెండోరోజు పొద్దెక్కకముందే రేకుల వసారా కాగిపోయింది. ఇసుకలోంచి తీసిన సీసాల్లో, గాజుమీద పాకుతున్న ఈగలు ఒక్కొక్కటే అడుక్కి రాలాయి. ఆరోగ్యమ్మ జపమాల తీసింది. ఎన్ని పూసలు దాటిందో మరిచిపోయి మళ్ళీ మొదటికొచ్చింది. పక్కింటి హనుమాయమ్మ మజ్జిగ చెంబుతో వచ్చి నిలబడింది.

"ఏమే ఆరోగ్యం, చచ్చినయ్యా?"

"పడుకున్నయి పిన్నీ."

"పడుకోటం కాదే, సోలినయ్. నోరులేని జీవాలు! మీ సారు రోజా ఉన్నాడని వీటిచేత కూడా ఉంచుతున్నాడా ఏంది?"

ఆరోగ్యమ్మకు నవ్వు రాలేదు. లేచింది, కూర్చుంది. గడియారం ముల్లు కదిలినట్టే లేదు. ఆ ఊళ్ళో ఎండకు సోలిన ప్రాణి ఏదైనా సరే, కోడి గానీ మేక గానీ, ముందు తడిగోనె కప్పాకే మిగతా మాటలు. ఆ అలవాటున్న ఆరోగ్యమ్మ చేతులు ఆగలేదు. గంట సగం కూడా కాకముందే సీసాలు ఇసుకలో గుచ్చి, గోనె తడిపి కప్పేసింది. కాసేపటికి ఈగలు కాళ్ళు కదిలించాయి. "మరియమ్మ తల్లీ!" అని ఊపిరి పీల్చుకుంది. మరుక్షణమే సారుకిచ్చిన మాట గుర్తొచ్చింది. దేవుని తోడు అన్నది తనే కదా!

చాలాసేపటికి బియ్యపు డబ్బా వెనక ఒక సీసా కనిపించింది. హడావుడిలో వదిలేసినది. అప్పటికి గంట నిండిపోయింది. అడుగున ఈగలు కుప్పగా పడున్నాయి. ఆ సీసా ఇసుకలో పెట్టి, అన్నం ముట్టకుండా దాని ముందే కూర్చుంది. పొద్దు వాలేటప్పటికి ఒక ఈగ ముంగాళ్ళు రుద్దుకుంది. తర్వాత ఇంకొకటి. కొన్ని లేవనేలేదు, చాలా లేచాయి. తన గోనె అక్కర్లేకుండానే! దేవుడు వాటి ఒంట్లోనే ఏదో దాచిపెట్టాడు. ఆ సీసా మెడకు తెల్లనూలు కట్టింది. మిగతా రోజులు గంట తప్పలేదు గానీ, కంటికి నిద్ర లేదు.

పేటలో పెట్టె దించగానే చెప్పేసింది.

"ఒకరోజు మాట తప్పాను సార్. నూలు కట్టిన సీసా తప్ప మిగతావి ముందే ఇసుకలో పెట్టేశాను. తిట్టండి."

ఆయన నుదురు పట్టుకుని కూర్చున్నారు. "ఈ సీసాలన్నీ ఇక లెక్కలోకి రావమ్మా. చెప్పావు గనక సరిపోయింది. లేకుంటే నేను కలిపేసి రాసేవాణ్ణి."

తిట్టలేదు. ఆమెకు అదే కష్టంగా ఉంది.

నూలు సీసాలో పిల్లలు పుట్టాక ఒకరోజు ఆయన సూక్ష్మదర్శిని దగ్గరికి పిలిచారు. ఎర్రకళ్ళ ఈగల మధ్య ఒకదానికి లేత నారింజరంగు కళ్ళు. ఆరోగ్యమ్మ సిలువ గుర్తు వేసుకుంది.

"ముక్క దూరిందా సార్?"

"ఏమో! వేడివల్లనో, దానంతటదే వచ్చిందో! ఒక్క ఈగను చూసి చెప్పలేం. రోహిణికార్తె పోకముందే మళ్ళీ చెయ్యాలి." ఆయన ఖాళీ చెక్కపెట్టె వైపు చూశారు. "ఇంకెవరినైనా చూసుకోనా?"

"నేనే తీసుకెళ్తా సార్."

మళ్ళీ వసారా, మళ్ళీ థర్మామీటరు. ఈసారి సీసాలు తియ్యకముందే గోనెపట్టా మడిచి హనుమాయమ్మ చేతికిచ్చింది.

"గంటయ్యేదాకా ఇయ్యమాకు పిన్నీ. ఏడ్చినా ఇయ్యమాకు."

"ఈగల కోసం ఏడ్చేదాన్ని నిన్నే చూశానే తల్లీ!" అంటూ ఆవిడ గోనె చంకన పెట్టుకుని, ఇంటికి పోకుండా గుమ్మంలోనే కూర్చుంది.

మొదటి ఈగ రాలింది. ఆరోగ్యమ్మ లేచింది. కూర్చుంది. రెండు చేతులూ జపమాల చుట్టూ బిగించి, మళ్ళీ మొదటి పూస పట్టుకుంది.