మామ ఎదుట నడిచిన కాలు

ఆ రోజుల్లో తమిళనాట మా రాజపాళయం మొత్తానికి కంప్యూటర్లోకి ఎక్కిన కాలు ఒక్కటే, అది నాది. ఇప్పుడు ఈ మోకాళ్లు షేర్ ఆటో ఎక్కడానికే బతిమాలించుకుంటున్నాయి గానీ, ఒకప్పుడు నా ఎముక కాలేజీ ల్యాబులో తెర మీద రంగురంగులుగా వెలిగింది. (మొత్తం కాలు కాదు, మోకాలి కింది భాగం. ఎముక బొమ్మ కూడా పుస్తకంలోదే, నా పొడుగుకు సాగదీశారు. నాది నడక మాత్రమే.)

చదువు మా మామ కూతురిది. మామూలుగా నడిచేటప్పుడు కాలి ఎముకలో ఎక్కడ ఎంత ఒత్తిడి పుడుతుందో లెక్కగట్టడం ఆమె ఇంజనీరింగు చివరి ఏడాది ప్రాజెక్టు. నేలలో అమర్చిన పలక మీద నేను అడుగు వేస్తే, అది ఎంత గట్టిగా పడిందో కంప్యూటర్‌కి తెలిసేది. అది బొమ్మ ఎముకను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒత్తిడి తక్కువున్న చోట నీలం, ఎక్కువున్న చోట ఎరుపు పూసేది. ఒక్క అడుగు లెక్క తేలేలోపు పక్క ఊరు తళవాయిపురం వెళ్లి రావచ్చు. (సరే, టీ తాగి రావచ్చు.) నేనప్పుడు స్పిన్నింగ్ మిల్లులో కొత్త సూపర్‌వైజర్ని. ఆమె అడగ్గానే కాలు అప్పగించడానికి సైన్సు మీద ప్రేమే కారణమని అందరికీ చెప్పుకున్నాను.

చిక్కేమిటంటే, అదే కాలు ఒకసారి నీలం చూపించేది, ఒకసారి ఎరుపు. మర్నాడే కాలేజీ సార్ ముందు ఆమె ప్రాజెక్టు పరీక్ష.

"ఒకే మనిషికి రెండు లెక్కలొస్తే సార్ ఒప్పుకోడు బావా, ఇంకో ఏడు కూర్చోవాల" అంది ఆమె, ఏడుపు మొహంతో.

"మిషన్ చెడిపోయిండాది" అన్నాను.

ఆమె మిషన్ వైపు చూడలేదు, తలుపు దగ్గరి కుర్చీ వైపు చూసింది. రోజూ కూతుర్ని స్కూటర్ మీద తెచ్చే మామ అందులో కూర్చునేవాడు, మధ్యలో టీకి వెళ్లొచ్చేవాడు. మామ కనబడితే మడిచి కట్టిన పంచె దించుకుని మెల్లగా నడవడం మా అలవాటు. ప్యాంటు వేసుకున్నా కాలికి ఆ మర్యాద పోలేదు. మామ ఉంటే పిల్లి నడక, నీలం. టీకి వెళితే మిల్లు ఓనరు నడక, ఎరుపు!

"నాయనా, నువ్వు కొంచెం బయట ఉండు" అని ఆమె మామను పంపేసింది. నేను మనిషిలా నడిచి మిల్లుకు వెళ్లిపోయాను. ఎముక రంగు కుదిరింది, ఆమె పాసయింది, ఆ తర్వాత నా భార్య అయింది. మామ ఇప్పుడు లేడు. అయినా ఆయన ఫోటో ముందు నుంచి వెళ్లేటప్పుడు నా అడుగు దానంతటదే చిన్నదవుతుంది.

ఇక్కడిదాకా చదివి వినిపిస్తే, ఉల్లిపాయలు తరుగుతున్న నా భార్య కత్తి పక్కన పెట్టింది.

"చుమ్మా ఉత్తుత్తి కతలు రాయొద్దు. నాయన బయటికి పోతానే నువ్వు నాకు చూపించేకి ఇంకా ధన్‌ధన్‌మని నడిచినావు. ఎముకంతా ఎరుపే. నువ్వు మిల్లుకు పోయినంక నీ లెక్కలన్నీ తీసేసి నాయననే నడిపించినా. ఎవురున్నా లేకపోయినా ఆయనది ఒకే నడక. సార్ చూసింది ఆయన కాలు."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదే?"

"నాయనే వద్దని చెప్పినాడు. 'పాపం, వాడు శానా కష్టపడి నడిచినాడమ్మా' అని."